గడప లేని రేకుల అర్ర

నా పెండ్లి ముచ్చట ఎవరన్న అడిగితె మా ఊర్ల పందిరి సంగతి చెప్త, బువ్వబంతి సంగతి చెప్త, ఆడికి ఆపేస్త. అత్తగారింట్ల కాలు పెట్టిన ముచ్చట చెప్ప. ఎందుకంటె నేను కాలు లోపట పెట్టిన పొద్దే మా అత్త బయట కూసున్నది. ఆ ఎండాకాలం అంత లోపటికి రాలే. గల్లీల నాకు ఏం పేరొచ్చి ఉంటదో ఇగ మీరే అనుకోండ్రి.

పోలీస్ యాక్షన్ అయిపోయి ఊర్లు జర సల్లబడ్డంక మావోళ్ళు నన్ను పట్నం పిల్లగానికి ఇచ్చిన్రు. "ఆబిడ్స్ దగ్గర బంగ్లా మీద ఉంటడట మా అల్లుడు" అని మా అవ్వ ఊరంత చెప్పుకున్నది. బంగ్లా మీద ఉండుడు నిజమే. ఆబిడ్స్ నుంచి నాంపల్లి టేషన్ దిక్కు పోయే తొవ్వల ఒక సన్న గల్లీ, ఆ గల్లీల పాత సున్నం ఇల్లు. కింద మాకు కిరాయికిచ్చిన ఇంటోళ్ళు ఉంటరు, మిద్దె మీద మేము. నేను మెట్లెక్కి చూస్తె ఇనుప పట్టీలు నిలబెట్టి చుట్టూ రేకులు కొట్టిన ఒక డబ్బా కనవడ్డది. ఇది సామాను పెట్టుకునే కొట్టమేమో, ఇల్లు ఇంకా పైన ఉన్నదేమో అనుకున్న. పైన ఆకాశం తప్ప ఏమున్నది!

మా ఆయన నాంపల్లి టేషన్ ఎనుక ఒక ఇనుప కార్ఖానల పనిచేసేటోడు. లడాయి అయిపోయినంక విప్పేసిన మిల్ట్రీ షెడ్ల సామాను లారీలకు లారీలు ఆడికి వచ్చేది. సన్నటి యాంగిల్ పట్టీలు, రేకును మడతవెట్టి చేసిన గుంజలు. చూస్తె ఇనుమే, లేపితె ఎదురుబొంగు అంత బరువు సుత ఉండదు. వాటికి బొక్కలు కొట్టి, బోల్టులు బిగించి, చట్రాలు చేసి, ఆబిడ్స్ దుకాండ్ల మీద అటకలు, గోదాములు కట్టేది వాళ్ళ పని. మా ఆయనకు ఆ పనంటె పానం. బువ్వ తినుకుంట సుత వేలుతోని పళ్ళెంల చట్రాలు గీసేటోడు.

మిద్దె మీద ఇటుక ఎందుకు పెట్టలే అంటె, ఇంటోళ్ళు పెట్టనియ్యలే. కింది గోడలు మట్టీ సున్నంతోని లేపినయి. మీద బరువు పడితె కూసుంటయి. మిద్దెకు ఒక్క మొల గుద్దినా వానకు కారుతది, అందుకని బొక్క సుత కొట్టొద్దన్నరు. అయితె మా ఆయన ఏం చేసిండంటె, కింద నాలుగు దిక్కుల పట్టీ పరిచి, ఆ పట్టీకి గుంజలు బిగించి, మీద ఇంకో పట్టీ చుట్టి, రేకులు కొట్టిండు. కింది పట్టీ మీద షాబాద్ బండలు మోపిండు. అంతె, పునాది లేదు, గోడకు గిలాబు పూత లేదు.

"ఇది చూసినవా," అన్నడు నాతోని మొదటిపూట. ముఖం ఎలిగిపోతున్నది. "నలుగురం పడితె ఇల్లుకు ఇల్లు ఎత్తుకపోవచ్చు."

"ఎత్తుకపోయే ఇల్లు ఎవలకు గావాలె?" అన్న. నా నోరు గట్లనే ఉంటది. కొత్త పెండ్లికూతురు అయితె ఏంది, నోరు కొత్తది కాదు గద. పాపం, ఆయన ముఖం గింతైంది. నా బంగ్లా ఆశ మట్టిల కలిసింది, నాకు ఆ కోపం.

కని అసలు ముచ్చట అంతకు ముందే అయింది. నేను మెట్లెక్కి వచ్చి నిలబడ్డ. మా అత్త ఎర్రనీళ్ళు పట్టుకొని దిష్టి తీసింది. ఒక శేరుల బియ్యం పోసి గడప మీద పెట్టాలె, నేను కుడికాలుతోని తన్ని లోపటికి పోవాలె. ఆమె శేరు పట్టుకొని వంగింది. గడప లేదు. తలుపు కింద ఆ కింది పట్టీయే ఈ కొస నుంచి ఆ కొస దాక సాగిపోయి ఉన్నది. మనిషి ఆ ఇనుప పట్టీ దాటుకొని పోవాలె. ఆమె శేరు పట్టుకొని వంగినది వంగినట్టే ఉన్నది. తర్వాత ఆ పట్టీ ఇవతలనే నేల మీద పెట్టి, "తన్నవే పిల్లా" అన్నది. నేను తన్ని లోపటికి పోయిన. బియ్యం అంత చట్రంల పడ్డయి. నా ఎనుక అత్త వస్తదని చూసిన, రాలే.

"గడప లేని కొంపల నేను కాలు పెట్ట," అన్నది. కోపం లేదు, ఏడుపు లేదు. కూరల ఉప్పు తక్కువైందన్నంత సాఫీగ అన్నది. మిద్దె పిట్టగోడ దగ్గర సాప పరుచుకున్నది, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసుకున్నది, ఎండకు ఒక పాత గొంగడి రెండు కట్టెల మీద కట్టుకున్నది. ఆడనే వండుకునుడు, ఆడనే తినుడు, ఆడనే పండుడు.

రాత్రి పండుడు ఎవరికీ కొత్త కాదు. ఎండాకాలం పట్నం పట్నమే మిద్దెల మీద పంటది. కని పట్టపగలు, నెత్తి మాడే ఎండల, ముసలామె పొయ్యి ఊదుకుంట కనవడుతుంటె? మా మిద్దె నాలుగు దిక్కుల మిద్దెలకు కనవడ్తది. ఒడియాలు ఎండబెట్టనీకె వచ్చినోళ్ళు, బట్టలు ఆరేయ వచ్చినోళ్ళు, అందరూ చూసేది. చూసి నా దిక్కు చూసేది. "కోడలు లోపటికి, అత్త బయటికి," అని ఎవరో అన్నరు. ఆ మాట గల్లీల పోరలకు దొరికింది, ఇగ చెప్పాల్నా! నేను కింద నీళ్ళ నల్ల కాడికి పోతె చాలు, "డబ్బా ఇంటి కోడలొచ్చింది" అని ఆడోళ్ళు జరిగి జాగ ఇచ్చేది. తిడితె ఎదురు తిట్టొచ్చు. జాగ ఇస్తె ఏం చేస్తం? బిందె నిండే దాక తలకాయ కొట్టేసినట్టు నిలబడేదాన్ని.

ఇంటోళ్ళ పెద్దమ్మ ఒకనాడు మెట్ల మీద నన్ను ఆపింది. పాతకాలం పట్నపోళ్ళు, మాట మెత్తగ ఉంటది, తాకేది గట్టిగ తాకుతది. "బిడ్డా, వానలు దగ్గరికొచ్చినయి. ముసలి పానం. నీకు అవ్వ ఉన్నది గద," అన్నది. అయ్యో, నాకు భూమి చీలితె బాగుండు అనిపించింది. నేను ఎళ్ళగొట్టలేదమ్మా, ఆమెనే వస్తలేదమ్మా అని ఎట్ల చెప్పాలె? చెప్తె ఎవరు నమ్ముతరు? కోడలు గట్ల చెప్పకపోతె ఇంకెట్ల చెప్తది అంటరు.

వానలు పడక ముందు అత్తను లోపటికి తేవాలె. నాకు ఇగ అదొక్కటే ఫికర్. తేకపోతె ఆమె పానానికి ఏమన్న అయితది, నా పేరు జన్మల బాగుపడదు. నేను బతిమిలాడిన. అలిగిన. ఒక పూట తినకుంట సుత కూసున్న. ఆమె వచ్చి పట్టీ అవతలనే నిలబడి, "తినవే, ఎండిపోతవు" అని అన్నం పళ్ళెం లోపటికి నూకి పోయింది. నాకు ఎంత కోపమొచ్చిందో! నన్ను గల్లీల బద్నాం చేసుడే ఈమె పంతం, గడప ఒక సాకు అనుకున్న. పని చేసుకుంట గొణిగేదాన్ని. రేకుల గోడ, గొణిగితె సుత బయటికి పోతది. పోనియ్యి అనుకున్న.

"అవ్వా, పట్టీ మీదనే కట్టె గడప బిగిస్త," అన్నడు మా ఆయన.

"ఇనుము మీద గడప పెడ్తరార? ఇనుమంటె శని. గడప నేలకు ఆనాలె, కింద నవధాన్యాలు పడాలె."

"పట్టీ కోస్తె చట్రం నిలవదే. నాలుగు పక్కల కలిసి ఉంటేనే అది నిలబడేది. మిద్దెకు మొల సుత లేదు."

"నేను కొయ్యమన్ననా? నేను బయట మంచిగనే ఉన్న," అన్నది అత్త. నిజంగనే మంచిగ ఉన్నట్టే అన్నది. అది ఇంకా మండింది నాకు.

ఒకనాడు మా ఆయన కార్ఖాన నుంచి భుజం మీద కట్టె పెట్టుకొని వచ్చిండు. టేకు గడప, నున్నగ గీసింది. ముఖం నల్లగున్నది. చానసేపు అడిగితె, హోటల్ల చాయ్ తాగుతుంటె పక్క మేజ కాడోళ్ళు నా గురించి మాట్లాడుకున్నరని చెప్పిండు. ఏమన్నరంటె, "నీకెందుకు" అన్నడు. ఆ మాట ఏందో నాకు ఇప్పటికీ తెల్వదు. ఇనుము కోసే ఆక్సా బ్లేడు తీసుకొని తలుపు కింద పట్టీకి పెట్టిండు. కోసేటప్పుడు పండ్లు కొరుక్కుంట కోసిండు. ఒక కొస తెగంగనే గుంజ జర కదిలింది, నేను సుత చూసిన. ఆయన చెయ్యి ఆగింది. తన పనిని తానే పాడు చేస్తున్నడని ఆయనకు ఎరుకే. మళ్ళ కోసుడు మొదలువెట్టిండు. నేను ఆపమనలే. ఎందుకంటరా? అబద్ధమెందుకు, లోపట సంబురపడ్డ.

అయ్యగారు వచ్చి ముహూర్తం పెట్టిండు. నవధాన్యాలు పోసి, పసుపు పూసి, బొట్లు పెట్టి గడప నిలబెట్టిన్రు. పట్టీ కొసలను గడపకు బోల్టుతోని బిగిస్త అన్నడు మా ఆయన. "పసుపు పూసిన గడపకు బోల్టు కొడ్తవా నాయనా?" అని అయ్యగారు రెండు చేతులు అడ్డం పెట్టిండు. అట్లనే ఇడిసిపెట్టిన్రు. ఇంటోళ్ళ పెద్దమ్మ వచ్చింది, గల్లీ ఆడోళ్ళు వచ్చిన్రు. అత్త గడపకు మొక్కి లోపటికి వచ్చింది. ఆమె ముఖంల సంతోషం ఉంటదేమోనని చూసిన. లేదు. ఎవరో బలిమికి నూకినట్టు వచ్చింది. ఈ ముసల్దానికి ఎంత చేసినా తక్కువే అనుకున్న.

ఒక్కటే అర్ర. మూలకు పొయ్యి, ఇంకో మూలకు సందుగ. అత్త గడప దగ్గర సాప ఏసుకొని, గోడ దిక్కు తిరిగి, నెత్తి దాక కొంగు కప్పుకొని పన్నది. మా ఆయన జరసేపు కూసున్నడు, అటు చూసిండు, ఇటు చూసిండు, సాప సంకల పెట్టుకొని బయట మిద్దె మీద పండనీకె పోయిండు. రోజూ అదే. తెల్లారి నల్ల కాడ కొత్త పాట: "అత్తను తెచ్చింది, మొగన్ని ఎళ్ళగొట్టింది!" ఆడోళ్ళు కొంగులు నోట్లె కుక్కుకొని నవ్విన్రు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలె చెప్పుండ్రి. బిందె సగమే నింపుకొని వచ్చిన.

ఆ వారం తిరగక ముందే గాలిదుమారం లేసింది. సాయంత్రం పూట, నేను కింద నల్ల దగ్గర ఉన్న. నాంపల్లి దిక్కు నుంచి ఆకాశం ఎర్రగ అయింది, దుమ్ము కండ్లల్ల కొట్టింది, వెంటనే మిద్దె మీద దబదబ రేకుల సప్పుడు. బిందె పారేసి ఉరికిన. మెట్ల మీదికి వచ్చి చూద్దును గద, మా ఇల్లు ఒరిగి ఉన్నది! కోసిన కాడ రెండు గుంజలు కాళ్ళు ఎడంచేసిన మనిషి లెక్క అటొకటి ఇటొకటి జరిగినయి. తలుపు నడుమ ఇరుక్కున్నది. లోపట అత్త.

"అత్తా! అత్తా!" అని తలుపు గుంజిన. రాలే. నూకిన. రాలే. మీద రేకు ఒక కొస లేసి లేసి పడుతున్నది. "నేను మంచిగనే ఉన్న, నువ్వు పక్కకు జరుగవే, రేకు తాకుతది," అని లోపటి నుంచి నాకే ధైర్యం చెప్తున్నది. నేను వలవల ఏడుస్తున్న. గల్లీ మొగోళ్ళు వచ్చిన్రు. ఎనుక దిక్కు రేకు బోల్టులు విప్పి, గొర్రెపిల్లను తీసినట్టు మా అత్తను ఆ సందులకెళ్ళి బయటికి గుంజిన్రు. మోచెయ్యి గీసుకపోయింది, అంతకన్న ఏం కాలేదు. దేవుడు చల్లగ చూసిండు.

మా ఆయన వచ్చేసరికి గాలి ఆగింది. మిద్దె నిండ జనం. "ఏందయ్యా, ఊదితె పోయే ఇల్లు కడ్తివి," అని ఒకడు. "మా దుకాణం మీద అటక ఈయననే కట్టిండు, జర చూసుకోవాలె," అని ఇంకొకడు. అందరూ నవ్విన్రు. ఆయన ఒరిగిన చట్రం దిక్కు చూసిండు, కోసిన పట్టీ దిక్కు చూసిండు. అవ్వ కోసం కోసిన అంటె అవ్వ ఇజ్జత్ పోతది. పెండ్లాం పేరు కోసం కోసిన అంటె నా ఇజ్జత్ పోతది. తన పని మీద తనే ఉమ్మేయించుకుంట నిలబడ్డడు. ఎత్తుకపోయే ఇల్లు అని నేను సుత నవ్వినదాన్నే గద.

"పట్టీ మళ్ళ జోడించాలె," అన్నడు ఆఖరికి. "గడప తీసేస్త అవ్వా."

"తీసెయ్యి బిడ్డా," అన్నది అత్త. అని, వంగి తన సాప చుట్టి సంకల పెట్టుకున్నది. పిట్టగోడ దిక్కు నడిచింది. ఆ నడకల హుషారు చూడాలె, పుట్టింటికి పోతున్నట్టే ఉన్నది.

ఇగ ఆడోళ్ళు నా మీద పడ్డరు. "వానలు మీద పడుతున్నయి, మళ్ళ ముసల్దాన్ని బయటికే పంపుతవా?" "గుండెనా బండనా అది?" పెద్దమ్మ సుత, "బిడ్డా, ఇది మంచిది కాదు," అన్నది.

మా అత్త గిర్రున తిరిగింది.

"ఏయ్, ఆపుండ్రి!" అన్నది. అంత గొంతు ఆమెకు ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు. "దాన్నెందుకు అంటరు? అది నన్ను ఎన్నడు పొమ్మనలే. ఒక్కటే అర్ర. కొత్తగ పెండ్లైన పిల్లలు. నడుమ నేను కాళ్ళు జాపుకొని పండాల్నా? మీ ఇండ్లల్ల గట్లనే పంటరా?"

"మరి పగలు ఎందుకే బయట?" అన్నది పెద్దమ్మ మెల్లగ.

"రాత్రొక్కటే బయట పంటె ఎందుకు పన్ననో పిల్లలకు సమజ్ కాదా? సిగ్గువడి చస్తరు. అందుకే పగలు సుత ఉన్న. గడప లేదని ఒక సాకు దొరికె, ఉన్న. వీడు పోయి గడప తెచ్చిపెట్టె, ఎడ్డి కొడుకు! లోపటికి పోక తప్పలే. పోతె ఏమైంది, వీడు సాప పట్టుకొని బయట పడ్డడు!"

ఎవరో కిసుక్కున నవ్విన్రు. మొగోళ్ళు మెట్ల దిక్కు జారుకున్నరు. మా ఆయన చట్రంల ఏదో బోల్టు పోయినట్టు వంగి ఎతుకుతున్నడు, చెవులు ఎర్రగ అయినయి. నేను ముఖం నిండ కొంగు కప్పుకొని, ఆ ఒరిగిన డబ్బా ఎనుకకు ఉరికి, రేకుకు ఆనుకొని కూసున్న. మనిషన్నోళ్ళు ఎవరూ నా ముఖం చూడొద్దనిపించింది. గల్లీ అందరి ముందు గసొంటి మాట అయిందని ఒక సిగ్గు. అది రెండు రోజులల్ల పోతది. కని నేను లోపట నీడకు కూసోని గొణిగిన మాటలు? ముసల్ది, పంతం ముసల్ది, నా ఉసురు పోసుకుంటున్నది అన్న మాటలు? అవన్నీ ఆమె ఎండల కూసోని ఇన్నది. ఇని సుత పొయ్యి ఊదుకున్నది. ఆ సిగ్గు ఏడికి పోతది?

మా ఆయన మరునాడు పనికి పోలే. గడప తీసి, చట్రం సక్కగ నిలబెట్టిండు. పట్టీ కొసలకు అడుగున ఇంకో పట్టీ ఏసి బోల్టులు బిగించిండు. కార్ఖానల మిగిలిన సన్న పట్టీలు తెచ్చి, అర్ర నడుమ అడ్డంగ ఒక చట్రం పెట్టి, రేకు కొట్టిండు. అవతలి దిక్కు ఇంకో తలుపు పెట్టిండు. ఇటుక గోడయితె మిద్దె మోయకపోవు. ఇది పొద్దు గూకేసరికి అయిపోయింది. ఒక్క అర్ర రెండు అర్రలైంది.

అత్త సాప పట్టుకొని వచ్చింది. అవతలి తలుపు కింద సుత ఇనుప పట్టీయే ఉన్నది. ఆమె దాని దిక్కు చూడను సుత చూడలే, దాటి లోపటికి పోయింది. నేను అన్నం పళ్ళెం తీసుకొని పోయిన. పట్టీ దగ్గర నా కాళ్ళు ఆగినయి. తప్పైంది అత్తా అందామని నిలబడ్డ. "ఇయ్యవే, ఆకలైతున్నది," అని ఆమెనే చెయ్యి జాపింది.

తిన్నంక దీపం ఆర్పినం. నడుమ ఉన్నది పలుచటి రేకు. గాజు కదిలినా అవతలికి వినవడ్తది. నేను ఊపిరి బిగవట్టుకొని పన్న. మా ఆయన సుత కట్టె లెక్క పన్నడు. అంతల అవతలి నుంచి గురక మొదలైంది. గట్టి గురక, రేకు అదిరేటట్టు. మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్విండు.

నాకు నవ్వు రాలే. ఎండాకాలం అంత ఆమె రేకు అవతలనే పన్నది, గడప పెట్టినంక నా పక్కనే పన్నది. ఒక్కనాడు సుత గురక పెట్టలే. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, తలకింది మెత్తల ముఖం పెట్టుకున్న. అవతల మా అత్త, మేము నిద్రపోయే దాక, అట్లనే గురక పెడుతనే ఉన్నది.